అడ్డనార తాడు

3 జూన్ 1984, ఆదివారం

ఆ కత్తికి తాడు ఎందుకు లేదు?

పదకొండేళ్ళుగా ఇదే ప్రశ్న. పిల్లల హాజరు పిలుస్తున్నప్పుడు, రైలు సొరంగంలోంచి బయటికొస్తూ వేసే కూత వింటున్నప్పుడు, ఉప్మాలో ఉప్పు వేశానా లేదా అని ఆలోచిస్తున్నప్పుడు. కాఫీ తోటల్లో నీడ చెట్ల కొమ్మలు కొట్టడానికి ఎక్కే ప్రతివాడి మచ్చుకత్తికీ పిడి చివర తాడుంటుంది. దాని రెండో కొస మణికట్టుకి ఉంటుంది. చెయ్యి జారితే కత్తి గాలిలో వేలాడుతుంది, కింద ఉన్నవాళ్ళ మీద పడదు. ఆ రోజు ఆరుగురు ఎక్కారు. ఐదుగురి కత్తులకి తాళ్ళున్నాయి. ఆరో కత్తికి లేదు. ఆ చెట్టు కింద సూర్యం నిలబడి ఉన్నాడు.

విచారణ కాగితంలో దీనికి జవాబుంది. 'గాసి అను కూలీ కల్లు మత్తులో ఉండి తన తాడు పారవేసుకొనెను.' కింద గాసి వేలిముద్ర. దాని పక్కన అప్పటి సూపర్‌వైజర్ సర్వేశ్వరరావు సంతకం. ఆ జవాబుని నేను ఒక్క రోజు కూడా నమ్మలేదు. ఆ పొద్దున, నేనూ సూర్యమూ ఆరబెట్టి దాచడానికి సేకరించిన మొక్కల కట్ట నెత్తిన పెట్టుకుని, తడిసిన బండల మీద నాకు ముందు నడిచినవాడు గాసే. తాగినవాడు అలా నడవడు.

ఇవాళ ఇది మళ్ళీ ఎందుకు రాస్తున్నానంటే, నిన్న ఉత్తరం వచ్చింది. సర్వేశ్వరరావు ఇప్పుడు ఆ తోటకి మేనేజరు. ఈ నెల ముప్ఫైన రిటైరవుతున్నాడు. 'కత్తితాడు నిబంధన ప్రవేశపెట్టి, పదేళ్ళుగా ఒక్క ప్రమాదమైనా జరగకుండా చూసినందుకు' సన్మానం చేస్తారట. శాలువా కప్పి మూడు నిమిషాలు మాట్లాడడానికి బాలికల పాఠశాల ప్రధానోపాధ్యాయురాలినైన నన్ను పిలిచారు. సూర్యం భార్యగా అని రాయడానికి చెయ్యి రాలేదేమో.

వస్తానని వెంటనే జవాబు రాసేశాను.

4 జూన్

మూడు నిమిషాలు చాలు.

6 జూన్

ప్రతి ఏడూ క్షేమం కనుక్కుంటూ సర్వేశ్వరరావు ఒక కాఫీ గింజల సంచీ పంపిస్తాడు. ప్రతి ఏడూ నేను విప్పకుండా వంటమనిషి అచ్చియమ్మకి ఇచ్చేస్తాను. ఇవాళ కూడా వచ్చింది.

"ఏటమ్మగారూ, ఆయనేటి మీకు బాకీ ఉన్నాడేటి, ఏడాదికోపాలి కట్టుకుపోతన్నాడు?" అంది అచ్చియమ్మ.

"తీసుకెళ్ళి నీ కొడుక్కి ఇయ్యి."

"ఆడికి టీయే. కాఫీ తాగితే నిద్దర రాదంటాడు. నిద్దర రాకపోతే మాతరం ఏటి, పొలానికెల్తాడా సన్నాసి?"

నవ్వొచ్చింది. సంచీ కుట్టు మాత్రం చాలాసేపు చూశాను. చక్కగా, దగ్గరదగ్గరగా వేసిన కుట్టు.

విశాఖపట్నంలో కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే ఉద్యోగం వదిలి ఇక్కడికి వచ్చింది ఈ చల్లదనం కోసం. ఆయాసానికి మంచిదని డాక్టరు కూడా చెప్పాడు. బడి మెట్ల మీంచి చూస్తే ఆ తోట గేటు కనిపిస్తుంది. కనిపించాలని నేను ఈ బడి ఎంచుకోలేదు. ఖాళీ ఉంది, వచ్చాను.

10 జూన్, ఆదివారం

తోటకి వెళ్ళాను. సన్మానంలో ఏం మాట్లాడాలో తెలుసుకోవడానికి వచ్చానని చెప్పాను. ఆయన నమ్మాడు. కుర్చీ వేయించాడు.

కొత్తగా చేరిన నలుగురికి తాడు కట్టడం నేర్పుతున్నాడు. నేను ఊరికే చూడలేదు, వంక కోసం చూశాను. పిడి చివర బెజ్జం. అందులోంచి నైలాన్ తాడు రెండుసార్లు పోనిచ్చి ముడి. వాన పడితే నైలాన్ జారుతుంది కాబట్టి ఆ ముడి మీద మరో ముడి. తర్వాత పొడవు. నేల నుంచి మోకాలిదాకా ఎంత ఎత్తో తాడు అంత. ఎక్కువైతే జారిన కత్తి ఊగి వచ్చి ఎక్కినవాడి కాలికే తగులుతుంది. తక్కువైతే కొమ్మ అందక వాడు తాడు విప్పేస్తాడు.

"విప్పేశాడంటే తప్పు మనదే. పొడవు సరిగ్గా ఇవ్వలేదన్నమాట," అన్నాడు వాళ్ళతో. అని ఒక్కొక్కరి కత్తీ తీసుకుని మూడుసార్లు గట్టిగా లాగాడు. జుట్టు తెల్లబడింది. ఎడమచేతి వేళ్ళు కొంచెం వణుకుతున్నాయి. కుడిచేత్తో లాగాడు.

తప్పు మనదేనట. ఎంత తేలిగ్గా అన్నాడు. ఆ మాట కాగితం మీద ఎందుకు పెట్టలేదు?

వంక దొరకలేదు. దానికీ కోపం వచ్చింది.

వస్తుంటే బుధు కలిశాడు. ఆ రోజు చెట్లెక్కిన ఆరుగురిలో ఒకడు. ఇప్పటికీ ఎక్కుతున్నాడు.

"గాసి ఉన్నాడా?" అని అడిగాను.

"ఉన్నాడు. హుకుంపేట అవతల, అత్తోరి ఊర్లో. ఇప్పుడు చెట్టెక్కడమ్మా. జీలుగు చెట్టు కూడా ఎక్కడు. కల్లు గావాలంటే మేమే పోసియ్యాల. కత్తిజారినోడు అంటారు ఆణ్ణి." మళ్ళీ తనే, "నువ్వెల్తావేటి?" అన్నాడు.

వెళతాను. నా మూడు నిమిషాలకి సాక్షి కావాలి.

11 జూన్

ఉపన్యాసం మొదటి ప్రతి రాశాను. నాలుగు పేజీలు వచ్చింది. చివరి వాక్యం: 'ఈ శాలువా కప్పుతున్న చేతులు ఎవరివో ఈయనకి తెలుసు.' బాగుంది. చాలా బాగుంది. పిల్లల వ్యాసాల్లో ఇలాంటి వాక్యం కింద ఎర్రగీత గీస్తాను నేను.

17 జూన్, ఆదివారం

బస్సు దిగి గంటన్నర నడిచాను. వాన లేదు కానీ దారంతా జారుడు. గాసి ఇంటి ముందు అరుగు మీద బుట్ట అల్లుతున్నాడు. నన్ను ముందు గుర్తుపట్టింది అతని భార్య కనక.

"పదకొండేళ్ళకి దారి తెలిసిందేటమ్మా నీకు?" అంది. ఆ మాట అంటూనే పీట వేసింది.

గాసి తలెత్తాడు. "బండల మీద నడిచే నడకని బట్టి దూరంనుంచే పోల్చినాను," అన్నాడు.

వచ్చిన పని చెప్పాను. నీ మీద అబద్ధం రాశారు, అందరి ముందూ చెబుతాను, నువ్వు వచ్చి నా పక్కన నిలబడు అన్నాను. గొంతు పెద్దదైందని నాకే తెలుస్తోంది. అతను బుట్ట పక్కన పెట్టలేదు.

"గాసీ, నీ తాడు ఎక్కడ పోయింది?"

"పోనేదు."

"మరి?"

"నీకిచ్చినాను గదా."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను.

"నీ ఆకుల కట్ట విడిపోతంటే నువ్వు తాడుందా అని అడిగినావు. దాని తోలుపట్టీ తెగిపోనాది. రావుబాబు అన్నాడు, ఒరే గాసీ, నీది ఇచ్చీరా అమ్మగారికి, అని. నాను ఇచ్చినాను. నానే కట్టినాను, రెండు సుట్లు తిప్పి."

నువ్వు అడిగావు, ఆయన ఇమ్మన్నాడు, నేను ఇచ్చాను. మూడూ ఒకే గొంతుతో చెప్పాడు, ఊరికి దారి చెప్పినట్టు.

"వేరే తాడు కట్టుకోవచ్చుగా?"

ఈసారి కనక అందుకుంది. "పరాయోడి తాడు ఎలాగ కట్టుకుంటాడు? ఎవుడి తాడు ఆడిది. ఈడు అడ్డనార పేనినాడు, నాను నా కోక పీలిక అందులో ఏసి మెలిపెట్టినాను. మొగోడు ఎక్కితే పెళ్ళాం కోక ఆడి సేతికుండాల."

"బుధు ఆడి తాడు ఇత్తానన్నాడు," అన్నాడు గాసి. "అది కట్టుకుంటే బుధు పడాల్సిన పాటు నాకొస్తాది. నా పాటు ఆడికిపోతాది. మాలో ఎవుడూ అలగ కట్టడు. ఇయ్యాల ఎక్కనన్నాను. ఒక్క సెట్టే గదా, ఎక్కీరా అన్నాడు బాబు. ఎక్కినాను. నార సేతికి లేకపోతే సెయ్యి సెయ్యిలాగుండదు."

"ఇది విచారణలో ఎందుకు చెప్పలేదు?"

"ఎవుడూ అడగనేదు. రాసీసినారు. ఏలు ఎయ్యమన్నారు."

సన్మానానికి రానన్నాడు. తోటలో అడుగు పెట్టొద్దని ఆ రోజు చెప్పారట, ఇప్పటికీ ఎవరూ పెట్టమనలేదట. లేచి వస్తుంటే పిలిచాడు.

"అమ్మా, కత్తి నా సేతిలోంచే జారినాది. అది నిజిమే. తాగినాడన్న మాట మాత్రం తీయించు. ఆ పొద్దు నాను గంజి తప్ప ఏటీ తాగనేదు. కనకే పోసినాది."

18 జూన్

నేను అడగలేదు. నాకేమీ గుర్తు లేదు.

19 జూన్

బడి తెరిచాం. కొత్తగా చేరిన పిల్ల రత్న వాళ్ళమ్మ చెంగు వదలకుండా ఏడ్చింది. వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాను.

ఆ మొక్కల కట్ట దాచిన పెట్టె తియ్యలేదు.

21 జూన్

తీశాను.

మొక్కల కట్ట అలాగే ఉంది. చెక్క చట్రాలు రెండు, మధ్యలో 1973 నాటి దినపత్రికలు, వాటి మడతల్లో మేం ఆ పొద్దున సేకరించినవి. ఆ తర్వాత నేను ఏ మొక్కనీ ఆరబెట్టలేదు. ఆ కట్టనీ విప్పలేదు. దుఃఖంవల్ల విప్పలేదని అనుకుంటూ వచ్చాను.

తాడుకి ఉన్నది నేను వేసే ముడి కాదు. రెండు చుట్లు. గోధుమరంగు అడ్డతీగ నార, అందులో మెలితిరిగిన ఎర్రటి పీలిక, ఇప్పుడు ఇటికపొడి రంగుకి దిగింది. ఒక కొసన ఉచ్చు, మణికట్టు పట్టేంత. మట్టి, చెమట పట్టి ఆ ఉచ్చు లోపలివైపు నున్నగా, నల్లగా ఉంది. నా చెయ్యి పెట్టి చూశాను. వదులుగా ఉంది.

అడ్డతీగకి లాటిన్ పేరు చెప్పగలను. ఏ కుటుంబమో, ఆకు రెండుగా ఎందుకు చీలి ఉంటుందో ఎమ్మెస్సీలో మార్కులు తెచ్చుకునేలా రాశాను. ఆ నారతో పేనిన తాడు నా చేతికిస్తే కట్టుతాడు అనుకున్నాను. ఆ ఉచ్చు ఎందుకుందని కూడా అడగలేదు.

లేక అడిగానా? అడిగితే అతను ఏమన్నాడు?

22 జూన్

సర్వేశ్వరరావుకి తెలుసు. మొదటినుంచీ తెలుసు. ఆయనే ఇమ్మన్నాడు. ఆయనే ఎక్కమన్నాడు. సూర్యాన్ని జీపులో పడుకోబెట్టినప్పుడు నా ఒళ్ళో ఈ కట్ట ఉంది. ఆయన ముందు సీట్లో కూర్చుని దారిపొడుగునా వెనక్కి తిరిగి చూశాడు. చూస్తున్నది సూర్యాన్ని అనుకున్నాను.

ఆ తర్వాత వెళ్ళి, గాసి తాడు పారేసుకున్నాడని రాశాడు. తాగాడని కూడా రాశాడు. ఆ మాట లేకపోతే, ఎలా పారేసుకున్నాడు అని ఎవరైనా అడుగుతారుగా.

పదకొండేళ్ళు కాఫీ గింజలు పంపించాడు. నన్ను చూసినప్పుడల్లా దండం పెట్టాడు. నా తాడు సంగతి తెలిసీ దండం పెట్టాడు. నేను ఆయన్ని అసహ్యించుకుంటూ మెట్ల మీద నిలబడితే, కింద గేటు దగ్గర ఆయన నా మీద దయ చూపిస్తూ నిలబడ్డాడు. ఆ హక్కు ఆయనకి ఎవరిచ్చారు?

ఇంతకుముందు ఆయన ఉద్యోగం, పరువు పోతే చాలనుకున్నాను. ఇప్పుడది చాలడంలేదు.

25 జూన్

ఉపన్యాసం చింపేశాను. మళ్ళీ రాశాను.

మొదటి పద్ధతి: తాడు సంగతి చెప్పకుండా, గాసి తాగలేదు, ఈయన బలవంతంగా ఎక్కించాడు అని మాత్రమే చెప్పడం. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆయన బదులు చెప్పాలంటే అందరి ముందూ నా పేరు ఎత్తాలి. ఎత్తడు. ఎత్తడని నాకు తెలుసు. పదకొండేళ్ళు ఎత్తనివాడు, శాలువా రోజున ఎత్తుతాడా? ఆయన దయతోనే ఆయన నోరు కట్టెయ్యొచ్చు.

ఇది రాశాక చాలాసేపు హాయిగా అనిపించింది. ఆ హాయి గురించి కూడా ఇక్కడ రాసి పెడుతున్నాను, తర్వాత లేదనుకోకుండా.

రెండో పద్ధతి రాయలేదు.

28 జూన్

అచ్చియమ్మ బల్ల మీద తాడు చూసింది. "ఇదేటమ్మగారూ, సెట్టెక్కేవోళ్ళ తాడు మీకెందుకు?" అంది.

ఆమెకి చూడగానే తెలిసింది.

30 జూన్, శనివారం

అయిపోయింది. రేపు రాస్తాను.

1 జూలై, ఆదివారం

గింజలు ఆరబోసే సిమెంటు గచ్చు మీద షామియానా వేశారు. వాన. కూలీలు వెనక వరసల్లో, పట్నంనుంచి వచ్చిన పెద్దలు ముందు. సర్వేశ్వరరావు భార్య కొత్త చీర కట్టుకుని మూడో కుర్చీలో కూర్చుంది. ఆవిడ సంగతి నేను ఎన్నడూ ఆలోచించలేదు.

నా సంచీలో కాగితమూ ఉంది, తాడూ ఉంది. మైకు దగ్గరికి వెళ్ళేదాకా ఏది తీస్తానో తెలియదు. తెలియదని రాస్తున్నాను కానీ, నిజానికి కాగితమే తీశాను. మొదటి వాక్యం చదివాను కూడా. 'పదకొండేళ్ళ కిందట ఈ తోటలో ఒక కత్తి జారింది.' తలెత్తితే గేటు బయట, అడ్డాకుల గొడుగు కింద గాసి కనిపించాడు. పక్కన కనక. లోపలికి రాలేదు. రమ్మని ఎవరూ అనలేదుగా.

కాగితం మడిచాను. తాడు తీసి మైకు బల్ల మీద పెట్టాను.

"విచారణలో గాసి తాగాడని రాశారు. తాగలేదు. తాడు పారేసుకున్నాడని రాశారు. పారేసుకోలేదు. ఆ తాడు ఇదే. నా మొక్కల కట్టకి తాడు కావాలంటే అతను ఇచ్చాడు. పదకొండేళ్ళుగా నా పెట్టెలో ఉంది."

వెనక వరసల్లో ఎవరో, "గాసి తాడే, ఎర్రపీలిక సూడు," అన్నారు. బుధు గొంతులా ఉంది. ముందు వరసల్లో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

అక్కడితో ఆపి ఉండొచ్చు. గాసికి కావలసింది అక్కడితో అయిపోయింది. ఆపలేదు. సర్వేశ్వరరావు వైపు తిరిగాను.

"ఇమ్మన్నది రావుగారు. ఎక్కనంటే ఎక్కమన్నదీ రావుగారే. ఔనా అండి?"

ఆయన లేచి నిలబడ్డాడు. "ఔను," అన్నాడు. మైకు లేకుండానే అందరికీ వినపడింది. ఆయన భార్య ఆయన్ని కాదు, నన్ను చూసింది.

అప్పుడు శాలువా తీసుకుని ఆయన భుజాల మీద కప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ మొహం ఒక అడుగు దూరంలోంచి చూశాను. అదే కావాలని కోరుకున్నాను ఇన్నేళ్ళూ. చూశాను. బాగుంది. ఇప్పుడు తలుచుకున్నా బాగుంది.

తర్వాత జీపు షెడ్డు దగ్గర ఆయనే వచ్చాడు. శాలువా మడిచి చేతిలో పట్టుకున్నాడు.

"ఆ రోజే ఎందుకు రాయలేదు?" అన్నాను.

"జీపులో మీరు ఆ కట్ట వదల్లేదమ్మా. ఆ తాడే పట్టుకుని కూర్చున్నారు. ఆస్పత్రిలో కూడా. ఆయన పోయారని చెప్పాక కూడా. మీ చేతిలో ఉన్నదేమిటో మీకు ఎలా చెప్పమంటారు?"

"మరి గాసి తాగాడని రాయడానికి ఏ అడ్డూ లేదా?"

శాలువాని ఇంకో మడత వేశాడు. "గాసి అడగలేదండి," అన్నాడు.

నా పెన్ను ఇచ్చాను. ఆహ్వానపత్రిక వెనక, షెడ్డులో పీపా మీద పెట్టుకుని, నేను చెప్పకుండానే రాశాడు. గాసి తాగి లేడు, నేను అబద్ధం రాశాను, అని. సంతకం పెట్టి తేదీ వేశాడు. దాన్ని కొత్త మేనేజరుకి తనే ఇస్తానన్నాడు. వద్దన్నాను. పైవాళ్ళకి పంపడానికి నకలు రాయించి, అసలు నేను తీసుకున్నాను.

గేటు దగ్గరికి వెళ్ళేసరికి గాసి వాళ్ళు లేరు.

8 జూలై, ఆదివారం

హుకుంపేట బస్సు ఆలస్యం. గాసి ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం.

కాగితం చదివాను. రెండోసారి చదవమన్నాడు. చదివాను. తన పేరు ఎక్కడుందో చూపించమన్నాడు. వేలు పెట్టి చూపిస్తే, అదే వేలు అక్కడ ఆనించి కాసేపు ఉంచాడు. కనక ఆ కాగితాన్ని వెదురుగొట్టంలో పెట్టి చూరులో దోపింది.

"రావుబాబు తనే రాసినాడా? ఏలు వణికుంటాది," అన్నాడు గాసి.

తాడు ఇవ్వబోయాను. తీసుకోలేదు.

"నీకిచ్చీసినాను గదా."

"నాకెందుకు గాసీ?"

"నాకెందుకు?" అన్నాడు.

కనక మాత్రం తాడు అందుకుని, ఎర్రపీలిక వేళ్ళతో తడిమి, మళ్ళీ నా ఒళ్ళో పెట్టింది. "అప్పటికి కొత్త కోక అది," అంది.

9 జూలై

అచ్చియమ్మ కాఫీ సంచీ గురించి అడిగింది, కొడుకు తీసుకోలేదట, వెనక్కి పంపమంటారా అని. కుట్టు విప్పి వేయించమన్నాను. తాగాను. మామూలు కాఫీ. సర్వేశ్వరరావు నిన్ననే సామాన్లు లారీకెక్కించుకుని కొండ దిగిపోయాడట.

ఆయన షెడ్డు దగ్గర చెప్పింది అబద్ధమైతే నాకు హాయి. నన్ను అడ్డం పెట్టుకుని తన ఉద్యోగం కాపాడుకున్నాడని అసహ్యించుకుంటూ మిగతా ఏళ్ళు గడిపెయ్యగలను. కానీ ఆ తాడు పట్టుకుని కూర్చున్నానన్న మాట అబద్ధం కాదు. నా ఎడమ అరచేతిలో నార గీరిన గుర్తు చాలా రోజులు ఉంది. ఎక్కడిదో అనుకునేదాన్ని.

తాడు బల్ల మీద ఉంది. మళ్ళీ కట్టకి చుట్టలేదు, పెట్టెలో పెట్టలేదు.

ఆయన నా కోసం నోరు మూసుకున్నాడా, తన కోసమా, నాకు తెలియదు. నేను ఆ రోజు మైకు ముందు గాసి కోసం మాట్లాడానా, ఆ మొహం చూడడం కోసమా, అదీ తెలియదు. రెండూ ఒకే ప్రశ్నేమోనని పొద్దుటినుంచి ఆలోచిస్తున్నాను. తేల్చుకోలేకపోయాను.